తమ్ముడి జులపాలు

మొన్న క్షౌరశాలలో నా వంతు కోసం కూర్చున్నాను. నా తలమీద కత్తెరకు మిగిలిన పని చాలా తక్కువ. అయినా నెలకోసారి వెళతాను, పేపరు ఊరికే చదువుకోవచ్చు. ముందు కుర్చీలో పదహారేళ్ల పిల్లవాడు జుట్టుకు నెమలికంఠం రంగు వేయించుకుంటున్నాడు. వాళ్ల నాన్న వెనక నిలబడి, చెవి దగ్గర ఇంకొంచెం వేయమని చెబుతున్నాడు. నేను పేపరు మడిచిపెట్టి, వంతు వదులుకుని బయటికి వచ్చేశాను.

అరవైల మొదట్లో, జహీరాబాదులో, మా తమ్ముడికీ పదహారేళ్లే. మా నాయన శివపూజ ముగియనిదే మంచినీళ్లు ముట్టని మనిషి. ఇంట్లో మగవాళ్లకు విభూతి, పొట్టి క్రాపు తప్ప వేరే అలంకారం ఉండకూడదు. తమ్ముడేమో బొంబాయి బస్సు ఆగినప్పుడల్లా వెళ్లి, దిగే యువకులను చూసి వచ్చేవాడు. అలా చూసి చూసి నుదుటిమీద కుచ్చు నిలబెట్టాడు, మెడ దాకా జులపాలు పెంచాడు. పంట్లాం కాళ్లను దర్జీతో ఎంత బిగుతుగా కుట్టించాడంటే, పాదానికి కాగితం చుట్టుకుంటే గాని ఎక్కేది కాదు. ఆ కాగితాలు నేను తిరిగే సంస్కరణ సభల కరపత్రాలే. ఆ ఊళ్లో వాటికి అంతకన్నా మంచి ఉపయోగం నేను చూడలేదు.

పంట్లాంను నాయన ఎలాగో సహించాడు. ఒక పొద్దున మంగలిని ఇంటికి పిలిపించి, తమ్ముణ్ణి పీటమీద కూర్చోబెట్టాడు.

"ఏందిరా గీ నెత్తి? నాటకమాడేటోనివా?"

తమ్ముడు నా వైపు చూశాడు. దేవుడు లేడని అప్పటికే నాలుగు సభల్లో వాదించి గెలిచినవాణ్ణి నేను. జుట్టు వాడిది, వాడిష్టం అంటే సరిపోయేది.

"మొక్కుకున్నడు నాయినా. మెట్రిక్ పాసైతే ఝరాసంగంల ఇస్తనన్నడు," అన్నాను.

నాయన మంగలిని వెనక్కి పంపించేశాడు. ఝరాసంగం శివుడికి మొక్కిన జుట్టుకు మధ్యలో కత్తెర తగలకూడదు. పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఎనిమిది నెలలూ కొబ్బరినూనె ఆయనే తెచ్చి ఇచ్చాడు. బజారులో ఎవరైనా ఎగతాళి చేస్తే, దేవుడి జుట్టని గద్దించేవాడు. తమ్ముడు నా తెలివిని తెగ మెచ్చుకున్నాడు, నేనూ మెచ్చుకున్నాను.

వాడు పాసయ్యాడు. తప్పితే బాగుండునని కోరుకున్నవాళ్లం మేమిద్దరమే. నాయన బండి కట్టించాడు. దారిలో తమ్ముడు నా మోకాలు పట్టుకుని మెల్లగా అడిగాడు: "ఇప్పుడన్న నిజం చెప్పన్నా. నువ్వు చెప్తె ఇంటడు."

ముందు కూర్చున్న నాయన ముఖం చూశాను. అంత సంతోషంగా ఆయన ఎన్నడూ లేడు.

"ఎంటికెలే కదరా. మల్ల వస్తయి," అన్నాను.

గుడి దగ్గర గుండు గీస్తుంటే వాడు ఏడవలేదు. ఒడిలో పడిన కుచ్చును వేలితో ఒకసారి తాకి, దులిపేసుకున్నాడు. ఇంటికి వచ్చాక పంట్లాం నా ముందు పెట్టి, కాగితాలు నీ దగ్గరే ఉన్నయి గద, నువ్వే తొడుక్కో అన్నాడు. జుట్టు మూడు నెలల్లో తిరిగి వచ్చింది. వాడే ఉంచుకోలేదు. ఏటా తనంతట తానే వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. నాయన పోయాక కూడా.

ఇరవై ఏళ్ల తర్వాత వాడి కొడుకు చెవులమీదికి జుట్టు పెంచాడు. తమ్ముడు అదే పీట వేసి కూర్చోబెట్టాడు. పిల్లవాడు నా వైపు చూశాడు. ఈసారి నేను నోరు తెరిచాను. ఆనాటి మొక్కు నేను అల్లిన అబద్ధమని, పిల్లవాణ్ణి వదిలేయమని అందరి ముందూ చెప్పాను.

తమ్ముడు కత్తెర చేతికి తీసుకుంటూ, కోపమేమీ లేకుండా అన్నాడు: "ఎంటికెలే కదన్నా. మల్ల వస్తయి."

నేను నిజం చెప్పేసరికి, దాన్ని వినవలసిన ఆనాటి పదహారేళ్లవాడు ఎక్కడా లేడు.