అవ్వ పడిగంలో బుధగ్రహం

మా చిన్నప్పుడు, ఉడుమలైపేట ఇంట్లో తెల్లవారగానే నా వంతు పని... అవ్వ పడిగం కడగడం. తాంబూలం ఉమ్ముకునే ఇత్తడి పాత్ర అది. వెడల్పు మూతి, సన్నటి మెడ. అడుగున ఎర్రటి జిగురు, అందులో తేలే వక్కపలుకులు, పులిసిన వాసన... ఊపిరి బిగబట్టి బూడిద, చింతపండు వేసి తోమేదాన్ని.

ఎనిమిదో తరగతిలో సైన్సు టీచరు ఒక ఫోటో చూపించారు. బుధగ్రహం మీద ఎప్పుడో పెద్ద రాయి వచ్చి పడితే ఏర్పడిన గుంట. తమిళనాడంతా అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుందట. చుట్టూ వలయాలుగా కొండలు. సగమే కనబడుతోంది... మిగతా సగం చీకట్లో ఉంది.

పాఠశాల సైన్సు ప్రదర్శనకు దాని నమూనా చేస్తానన్నాను. బాగుంటే మదురై పోటీకి పంపుతారు. అప్పటికి నేను మదురై చూడలేదు.

అంత చక్కటి గుండ్రటి అంచు మా ఇంట్లో పడిగానికే ఉంది. అవ్వను అడిగి తీసుకుని, మూడుసార్లు తోమి, బంకమట్టిలో పొయ్యి బూడిద కలిపి మూతి నిండా మెత్తాను. దారంతో కొలిచి వలయాలు పెట్టాను. కనబడని సగం నేనే ఊహించుకున్నాను. ఆ నాలుగు రోజులూ అవ్వ కొబ్బరి చిప్పలో ఉమ్ముకుంది.

ప్రదర్శన రోజు న్యాయనిర్ణేతల కన్నా ముందు ముఖ్య అతిథి వచ్చారు. మిల్లు ఉన్న పెద్దాయన, బుగ్గ నిండా తాంబూలం. నా బల్ల దగ్గర ఆగి, వంగి... గుంట మధ్యలో ఉమ్మేశారు.

"పడిగం కూడా పెట్టుండారు. రొంబ బాగుండాది," అన్నారు మూతి తుడుచుకుంటూ.

టీచరు నవ్వు ఆపుకుంటూ నా చేతికి గుడ్డ ఇచ్చారు. పెద్దవాళ్లను ఏమీ అనకూడదని, జడ్జీలు వచ్చేలోగా తుడిచేయమని చెప్పారు.

నేను తుడవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ ఎరుపు కొండల మీదుగా జారి, నేను ఊహించిన సగంలో నిలిచింది. జడ్జీలు ముక్కు మూసుకుని పక్క బల్లకు వెళ్లిపోయారు. మదురైకి ఇంకెవరో వెళ్లారు.

ఇంటికొచ్చి అవ్వతో చెప్పాను.

"దినమూ నాది కడగతావే, దానికి రాని అసయ్యం దీనికొచ్చిందా?" అంది.

"దినమూ వస్తాది అవ్వా."

అవ్వ లేచింది. పడిగం దొడ్లోకి తీసుకెళ్లి, మట్టంతా గోకి, తనే తోమింది. తను పోయేదాకా మళ్లీ ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇప్పుడు కొత్త ఫోటోల్లో ఆ గుంట మొత్తం నా ఫోన్లో వెలుతురులో కనబడుతుంది. మా కోయంబత్తూరు అపార్టుమెంటు మెట్ల మూలల్లో మాత్రం అవే ఎర్రటి మరకలు. పనావిడ వచ్చి కడుగుతుంది. పడిగాలు పోయాయి... లేచి వెళ్లి తనది తను కడుక్కున్న అవ్వలాంటివాళ్లూ పోయారు.

మీ ఇంట్లో పడిగం ఎవరు కడిగేవారు? వాళ్లకెలా ఉండేదో ఎప్పుడైనా అడిగారా?