రెండో నంబరు ట్రాములో అత్తమ్మ: బుడాపెస్టుకు మా నలుగురి ప్రయాణం

నిరుడు వేసవిలో డాక్టరు నా మెడ దగ్గరి గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి పదకొండు రోజులు పట్టింది. భయపడాల్సిందేమీ లేదని తేలింది గానీ, ఆ పదకొండు రోజుల్లో పట్టుకున్న కంగారు మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున గద్వాల నుంచి బస్సులో నేను పాఠాలు చెప్పే వనపర్తి స్కూలుకు, సాయంత్రం మళ్లీ ఇంటికి. ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. చూడాలనుకున్నవన్నీ ఇప్పుడే చూసేయాలి, రేపటి సంగతి ఎవరికి తెలుసు అనిపించేది. అలా మొదలైంది యూరప్ ఆలోచన.

పారిస్, రోమ్ హోటళ్ల ధరలు చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. బుడాపెస్టు మాత్రం మాకు అందేలా కనిపించింది. నవంబరులో టికెట్ల ధరలు తగ్గుతాయి. గల్ఫ్ మీదుగా మనిషికి రానూపోనూ యాభై వేల లోపే దొరికాయి. మా ఆయన రమేష్‌ది పత్తి విత్తనాల దుకాణం, ఆ నెలలో గిరాకీ ఉండదు. వంటగది ఉన్న చిన్న ఫ్లాటు రోజుకు ఆరు వేలకు తీసుకున్నాం. జొన్నపిండి, కారప్పొడి, చింతకాయ తొక్కు పెట్టెలో సర్దాం. మా అమ్మాయి హారికకు పన్నెండేళ్లు. అత్తమ్మకు అరవై నాలుగు. ఆమెది గట్టు మండలంలోని పల్లె. విమానంలో అంత దూరం ఎలా కూర్చుంటుందో, చలికి ఏమవుతుందో అని నా బెంగంతా ఆమె గురించే.

సాయంత్రం విమానానికి పొద్దున ఎనిమిదింటికే అందరినీ కారెక్కించాను. "మేడం, ఎర్రవల్లి చౌరస్తా దాటితే శంషాబాద్ మూడు గంటలే. గింత జల్ది పోయి ఏం చేస్తరు?" అన్నాడు డ్రైవరు. "ట్రాఫిక్ ఉంటే?" అన్నాను. అతను రమేష్ వైపు చూశాడు. రమేష్ కిటికీలోంచి బయటికి చూశాడు.

బుడాపెస్టులో మొదటి రోజు బాగానే గడిచింది. మూడు రోజుల పాసు మనిషికి దాదాపు పదిహేను వందలు. బస్సు, మెట్రో, ట్రాము ఏదైనా ఎక్కొచ్చు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు, వయసు చూపించే కాగితం ఉంటే చాలు. రెండో రోజుకు నేను గంటగంటకూ లెక్క వేసి పెట్టాను. తొమ్మిదికి పార్లమెంటు, పదిన్నరకు పెద్ద మార్కెట్టు, పన్నెండుకు నది దాటి కోట, మూడింటికి వేడినీళ్ల స్నానశాల. పార్లమెంటు ముందు ఫొటోలు అయ్యేసరికే పదిన్నర దాటింది. డాన్యూబ్ నది ఒడ్డున నడిచే రెండో నంబరు ట్రాము ఎక్కాం. అత్తమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. మార్కెట్టు స్టాపు రాగానే నేను "దిగండి, దిగండి!" అంటూ హారిక చెయ్యి పట్టి లాగాను. రమేష్ వెనకే దిగాడు. జనంలోంచి అత్తమ్మ లేచి వచ్చేలోపు తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆమె ఎర్ర శాలువా ఒక్క క్షణం కనిపించింది. ట్రాము వెళ్లిపోయింది.

"అమ్మకు ఇంగ్లీషు కూడా రాదు" అన్నాడు రమేష్, తనలో తాను. తర్వాతి ట్రాము ఎక్కి పక్క స్టాపులో దిగాం. లేదు. ఇంకోటి ఎక్కి ఆ పై స్టాపు, అక్కడా లేదు. అటు నుంచి ఎదురొచ్చే ట్రాముల్లోకి హారిక తొంగి చూస్తూ "నానమ్మా!" అని అరుస్తోంది. చేతికి పట్టీ కట్టుకున్న టికెట్ చెకర్ ఒకావిడను ఆపి, వచ్చిన ఇంగ్లీషులో విషయం చెప్పాను.

"ఆమె దగ్గర ఫోన్ ఉందా?" అని అడిగింది.

"లేదు."

ఆవిడ ఎవరికో ఫోన్ కలిపి అడిగింది, జాడ తెలియలేదు. నాకు మాత్రం ముఖం చెల్లలేదు. ఖర్చు తగ్గుతుందని రెండే సిమ్ కార్డులు కొన్నది నేనే. ఫ్లాటు చిరునామా రాసి ఇవ్వాలన్న ఆలోచన కూడా రాలేదు. చివరి స్టాపు దాకా వెళ్లాం. అక్కడా లేదు. గంట దాటింది. పోలీసులకు చెబుదామని, మార్కెట్టు దగ్గరైతే వాళ్లు ఉంటారని వెనక్కి వచ్చాం.

మేం దిగిన స్టాపులోనే, బల్ల మీద, అత్తమ్మ కూర్చుని పొద్దున కట్టుకొచ్చిన జొన్నరొట్టె తింటోంది.

"ఏడ తిరుగుతున్నరు? నేనొచ్చి ఎంతసేపాయె!" అంది.

రమేష్ గబగబా వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెట్లొచ్చినవ్ నానమ్మా?" అంది హారిక.

"బండి పోయిన తొవ్వనే మళ్లొస్తది గద. నేనెందుకు దిగుత? ఆఖరుకు అందరు దిగిన్రు. డ్రైవరు వచ్చి ఏందో అన్నడు. ఎన్కకు పోవాలని చెయ్యి చూపిస్తే, కూసో అన్నట్టు తలకాయ ఊపిండు. బొంబాయిల ఆరేండ్లు కూలి చేసిన బిడ్డా. మీ నాయనను సంకన ఏసుకొని లోకల్ రైళ్లెక్కిన. తప్పిపోతే, విడిపోయిన తాననే నిలబడాలె. లేకుంటే ఒకల్ని ఒకలు దేవులాడుతనే ఉంటరు."

ఇరవై ఏళ్లకే మామయ్యతో కలిసి బొంబాయిలో ఇళ్లు కట్టే కూలి పనికి వెళ్లిందని నాకు తెలుసు. కానీ మా నలుగురిలో పెద్ద ఊళ్లు నిజంగా తెలిసిన మనిషి ఆమేనన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "తప్పు నాదే అత్తమ్మా" అన్నాను. ఆమె మిగిలిన రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది.

"దవాఖాన నుంచి వచ్చిన కాడికెల్లి గిట్లనే ఉరుకుతున్నవ్. నాకు కానొస్తలేదా? ఏం గాలేదని డాక్టరు చెప్పిండు గద. జర కూసో."

ఆ రోజు కోటకు పోలేదు, స్నానశాలకూ పోలేదు. మార్కెట్టులో వేడి వేడి బంగాళదుంపల సూపు తాగి, అదే ట్రాములో ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిరిగాం. పార్లమెంటు గోడల్లో పేర్చిన రాళ్లు చూసి, గంత ఎత్తుకు మోసినోళ్లు ఏ ఊరోళ్లో అంది అత్తమ్మ. హారిక ఆమె ఒళ్లో తల పెట్టుకుని బొంబాయి కథలు అడిగింది. నేను మధ్యమధ్యలో టైము చూసుకుంటూనే ఉన్నాను.

ఒక్క రోజులో నా స్వభావం మారిపోయిందని రాయలేను. ఇప్పటికీ బస్సు రాకముందే స్టాండులో అటూ ఇటూ నడుస్తాను. కానీ ఆ గంటలో ఒకటి అర్థమైంది. నాకేమవుతుందో అన్న భయంతో పరుగెత్తుతూ, నా వెంట ఉన్నవాళ్లు ఎవరో కూడా చూడలేదు. అత్తమ్మను జాగ్రత్తగా మోసుకెళ్లాల్సిన సామాను అనుకున్నాను. ఆమె నాకన్నా ముందే ఊళ్లు దాటిన మనిషి.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. సిమ్ కార్డుల దగ్గర పొదుపు చేయకండి, బస చిరునామా ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. అన్నింటికన్నా ముందు, విడిపోతే ఎక్కడ ఆగాలో బయల్దేరే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటల్లో పెద్దవాళ్లకు చెప్పడమే కాదు, వాళ్లను అడగండి కూడా.