మతిమరుపు నాకే అన్న పెద్దమ్మ

పోయిన సోమవారం పొద్దున్నే పక్కింటి పెద్దనాన్న మా గేటు దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, మీ పెద్దమ్మ ఇంకా లేవలా. టీ పెట్టమంటే పలకట్లా" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. నేను పరుగెత్తాను. పెద్దమ్మ ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది. గడ్డం దాకా దుప్పటి కప్పి ఉంది. "చేతులు చల్లగుంటే నేనే కప్పా" అన్నాడాయన నా వెనక నిలబడి. ఎంతసేపటి నుంచి ఆమె పక్కన కూర్చున్నాడో ఆయనకే తెలియదు.

నిద్రలోనే గుండె ఆగిందంది మా ఆసుపత్రి డాక్టరమ్మ. నేను పిడుగురాళ్లలో సర్కారు ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర పనిచేస్తాను. పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పన్నెండేళ్ళుగా పక్కిల్లు, అంతే. వాళ్ళది ముస్లిం కుటుంబం. పెద్దనాన్నకు బోరు మోటార్లకు వైరు చుట్టే షాపుండేది. మా పాపకు టీకా ఏ రోజు వేయించాలో నాకంటే ముందు పెద్దమ్మే చెప్పేది.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట ఓపీ చీటీ పట్టుకుని వచ్చి, "నాకు మతిమరుపు వచ్చింది డాక్టరమ్మా. దారి తప్పుతానేమోనని ఈయన్ని తోడు తెచ్చుకున్నా" అంది. నేను తెల్లబోయాను. పెద్దనాన్న మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, బాధ్యత మీద వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. అరటిపండు, తాళం, గుర్రం. కాసేపు వేరే సంగతులు మాట్లాడి, ఆ మూడూ ఏందని అడిగింది. పెద్దమ్మ నేల చూపులు చూస్తూ "ఏమో" అంది. "పోనీ మీరు చెప్పండి" అని ఆయన్ని అడిగితే, ఆయన నవ్వి పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఏమే, ఏం చెప్పిందే?" ఇయ్యాల ఏ వారమన్నా ఆమె వైపే తిరిగాడు. పొద్దున ఏం తిన్నారన్నా ఆమె వైపే. డాక్టరమ్మ పెన్ను ఆగింది. చీటీ మీద పెద్దమ్మ పేరు పక్కన ఆయన పేరు కూడా రాసింది.

ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి పెద్దమ్మ నా కిటికీ దగ్గరికొచ్చింది.

"ఎందుకట్టా చెప్పావు పెద్దమ్మా?"

"నీ బుర్ర పనిచెయ్యట్లా, పద అంటే ఆయన గడప దాటతాడా? జబ్బు నాకని చెబితే వస్తాడు."

ఏడాదిగా చూస్తూ ఉందట. ఒకసారి ఆయన స్టార్టరు వైర్లు తప్పు కలిపితే డబ్బాకే కరెంటు పారి, ఒక రైతు షాకు తగిలి గట్టు మీద పడ్డాడు. బతికాడు గానీ ఆ రోజు నుంచే షాపు మూయించింది. ఇంట్లో ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఈమె ఫ్యూజు పీకి కొంగున దాచుకునేది. "పొద్దున కళ్ళు తెరవాలంటే భయమే. ఇయ్యాల ఆయన బుర్రలో ఏది పోయిందో, ఏది మిగిలిందో" అంది.

ఆయనకు గుంటూరులో పరీక్షలు చేయించారు. మాత్రలు జబ్బును కొంచెం నెమ్మది చేస్తాయేమో గానీ పోయినదాన్ని తేవని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నేను ఆయన మాత్రలు, పెద్దమ్మకు బలం మాత్రలు ఒకే కవరులో వేసిచ్చేదాన్ని. "నాతోపాటు నువ్వూ వేసుకో" అని పెద్దమ్మ అంటే ఆయన వేసుకునేవాడు, ఆమె మీద జాలితో.

వీధంతా ఆమెకే మతిమరుపని నమ్మింది. అందరూ ఆమెతో గట్టిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు మాట్లాడేవాళ్ళు. పిల్లల్ని అంగన్‌వాడీకి తీసుకెళ్ళి దించడం ఆమెకు ఇష్టమైన పని. తల్లులు ఒక్కొక్కరే మానిపించారు. ఎదురింటామె ఒకరోజు పిల్లాడి చెయ్యి ఆమె చేతిలోంచి లాక్కుంది. నాకు నోటిదాకా వచ్చింది నిజం. పెద్దమ్మ నా వైపు చూసి వద్దని తల ఊపింది. లోపలికెళ్ళి చానాసేపు బయటికి రాలేదు.

"నేను ముందు పోతే ఎట్టా అమ్మాయ్?" అని ఒకసారి అడిగింది. నేను మాత్రలు లెక్కపెడుతున్నట్టు నటించాను. నేనున్నానుగా అనొచ్చు. అనలేకపోయాను. భయమేసింది.

పాతిపెట్టే ముందు చదివే జనాజా నమాజులో పెద్దనాన్న ఒక్క మాట తప్పలేదని వాళ్ళ అల్లుడు చెప్పాడు. ఖబరస్తాన్‌లో మట్టి చేసి వస్తూ, "ఎవరు పోయారు బాబూ?" అని అడిగాడట. చెబితే రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడట. సాయంత్రం మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అంత ఏడుపూ కొత్తగా ఏడ్చాడు. చిలకలూరిపేట నుంచి వచ్చిన కూతురు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ప్రతిసారీ చెప్పాలా?" అంది.

ఇప్పుడు వాళ్ళ తలుపు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికొస్తాను. నిన్న మధ్యాహ్నం చప్పుడైంది. పెద్దనాన్న వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో పెద్దమ్మ చెప్పులు.

"అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "మీ పెద్దమ్మకు ఈ మధ్య మతిమరుపు చానా ఎక్కువైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది. దారి తప్పినట్టుంది."

ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిచాను. సున్నం లారీలు పోతూ ఉన్నాయి. తెల్లటి దుమ్ములో అవతల నడిచే ప్రతి ఆడమనిషినీ ఆయన తేరిపార చూస్తున్నాడు. ఎండకు కాలిన రోడ్డు చూసి, "కాళ్ళు కాలతాయి దానికి" అన్నాడు.