చాచా అడిగిన ముచ్చట

తొంభైల చివర్లో నార్కట్‌పల్లి బస్టాండులో కూర్చుని కంప్యూటర్ పత్రిక చదువుతున్నాను. కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ డెస్క్‌టాప్ కొత్త వెర్షన్ వచ్చే నెలే వస్తుందట. పక్కనున్న పెద్దాయన సర్కారు కచేరీ దగ్గర తెలుగు టైపు మిషన్ మీద అర్జీలు టైపు చేస్తాడు. ఆ కొత్త వెర్షన్ కోసం నెలలుగా ఎదురుచూస్తున్నానని ఆయనకు ఉత్సాహంగా చెప్పాను.

"గా కొత్తదాంట్ల తెలుగు వస్తదా బిడ్డా?"

"తెల్వదు చాచా."

ఆయన మొహం ఎర్రబడింది. "గిన్ని నెలలు చూసినవ్, గీ ఒక్క ముచ్చట అడగలేదా? కంప్యూటర్లు తెచ్చి మా మిషన్లు మూలకేస్తున్నరు. రేపు ఊరోళ్ల గోస ఏ భాషల రాయాలె?"

బస్సు రాగానే విసురుగా లేచి ఎక్కేశాడు.

మరుసటి నెల అది వచ్చింది. మెనూలన్నీ వెతికాను. తెలుగు లేదు. ఆయన కోపం నాకూ వచ్చింది. తయారుచేసినవాళ్లకు ఘాటుగా ఉత్తరం టైపు చేశాను, ఇంగ్లీషులో.