ఒక్క చెయ్యి వదిలితే చాలు

లారీ నన్ను ఖాడీ, అంటే సముద్రపు పాయ, ఒడ్డున దింపేసరికి పొద్దున ఆరు నలభై. నవంబరు మొదటి వారం. గాలి లేదు. మూడు వైపులా కొండలు. నాలుగో వైపు సన్నటి సందు, దాని అవతల అసలు సముద్రం. అలల్ని కొండలే ఆపేస్తాయి కాబట్టి లోపలి నీళ్లు మా నిజాంసాగర్ కాలువ కన్నా నిమ్మళంగా ఉన్నాయి. ఒడ్డున నాలుగు టెంట్లు, ఒక రేకుల షెడ్డు, కయాక్‌లనే ఒంటిమనిషి పడవలు పన్నెండు, నిలబడి తెడ్డేసే ప్యాడిల్ బోర్డులు ఎనిమిది. నేను అప్పటికి ఇంజినీర్ల రెజిమెంటులో హవల్దార్‌ని. ఈత బాగా వచ్చని నా కాగితాల్లో ఎవరో రాశారు. అందుకని ఉస్తాద్‌గా పంపారు. ఫౌజులో నేర్పేవాణ్ణి అలా పిలుస్తారు.

బాన్సువాడలో ఈ సంగతి చెబితే నవ్వుతారు. "బార్డర్ల ఉన్నవనుకుంటే సముద్రంల ఆటలాడినవా?" అంటారు. ఆటలాడలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో మంచు చూశాను, తూటాలు చూశాను. వాటి గురించి ఎవరడిగినా చెబుతాను. ఆ ఆరు వారాల గురించి ఇప్పటిదాకా సగమే చెప్పాను.

ఏడు గంటలకి అక్కడి ఇన్‌చార్జి సుబేదార్ సాబ్ ఆర్డరు చదివారు. వచ్చేవాళ్లు ఎనిమిది మంది. అందరూ దెబ్బలు తగిలి దవాఖానల్లోంచి లేచినవాళ్లు. ఆరు వారాలు నీళ్ల మీద శిక్షణ, చివర్న పరీక్ష. పాసైతే సొంత యూనిట్‌కి. ఫెయిలైతే మెడికల్ బోర్డుకి, అంటే దాదాపు ఇంటికి. పరీక్షలో ఆఖరి అంశం బోల్తా. కయాక్ తలకిందులైతే ముప్పై సెకన్లలో మనిషి సొంతంగా బయటికి రావాలి. ఉస్తాద్ చెయ్యి పడవకి తగిలితే ఫెయిల్.

"కొండల మీదికి పోయేవాళ్లకి పడవ పరీక్ష ఎందుకు సాబ్?" అని అడిగాను.

"కంగారు పడతాడా లేదా చూడ్డానికి," అన్నారు.

ఆ ఎనిమిది మందిలో ఒక నాయక్, హోదాలో నా కన్నా ఒక మెట్టు కింద. ఉత్తరాది కొండల మనిషి, మెషిన్‌గన్నర్. ఎడమ పాదానికి వేళ్లు లేవు. మంచులో పగులులోకి జారి, నడుముకున్న తాడు మీద నాలుగు గంటలు వేలాడాడు. రెండు చేతుల్లో తుపాకీ. పైకి లాగినప్పుడు తుపాకీ మీద గీత కూడా పడలేదట. వేళ్లు మాత్రం పోయాయి. పరేడ్‌లో అందరి ముందు నిలబెట్టి మెచ్చుకున్నారు, ఆయుధం వదలనివాడు సిపాయి అని.

మొదటి వారం ప్యాడిల్ బోర్డు. ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి. పలక కుదురుకున్నాక ఒక్కో కాలు లేపి నిలబడాలి. చూపు పాదాల మీద కాదు, దూరంగా ఉండాలి. నాయక్ నిలబడ్డ ప్రతిసారీ పడ్డాడు. వేళ్లు లేని పాదం పలకని పట్టుకోదు. ఐదో రోజు ఉప్పునీళ్లు ఉమ్మేసి నవ్వాడు.

"ఉస్తాద్, దీని మీద నేను ఎప్పుడూ దేవుడికి మొక్కుతున్నట్టే ఉంటా."

మోకాళ్ల మీద నడిపినా చాలని సుబేదార్ సాబ్ ఒప్పుకున్నారు. ఆయన చూపించిన దయ అదొక్కటే.

కయాక్‌లో కాళ్లతో పని లేదు. అందులో కూర్చున్నాక నాయక్‌ని అందుకునేవాడు లేడు. భుజాలు తిప్పి తెడ్డు వేస్తే పడవ గీత గీసినట్టు పోయేది. రాళ్ల మీద వైర్‌లెస్ సెట్టు పట్టుకుని సిగ్నల్‌వాడు కూర్చునేవాడు. మా బాన్సువాడ దగ్గరి మద్నూర్ అతనిది. సెట్టులో హిందీ, నాతో మన మాట.

"ఒడ్డు నుంచి ఉస్తాద్‌కి. పదింటికి గాలి లేస్తుంది. అందర్నీ వెనక్కి తీసుకురండి. ఓవర్," అని చెప్పి, నేను ఒడ్డెక్కగానే, "అన్నా, నీ నాయక్ మస్తు తెడ్డేస్తుండు. గీయనకు ఏం ఫికర్ లేదు," అనేవాడు.

మూడో వారం చివర్లో బోల్తా మొదలైంది. కయాక్‌లోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ రబ్బరు గుడ్డ బిగిస్తాం. దానికి ముందు వైపు ఒక పట్టీ ఉంటుంది. తలకిందులయ్యాక ఒక చెయ్యి తెడ్డు వదిలి ఆ పట్టీ లాగాలి. గుడ్డ ఊడొస్తుంది, మనిషి జారి బయటపడతాడు. ఒక్క చెయ్యి వదిలితే చాలు.

నాయక్ వదల్లేదు. ఛాతీ లోతు నీళ్లలో పక్కన నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, తల ముంచి చూశాను. తలకిందులుగా ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు. రెండు చేతులూ తెడ్డు మీద బిగిసి ఉన్నాయి. పదిహేను లెక్కపెట్టి పడవని తిప్పేశాను.

"వదిలాననే అనుకున్నా ఉస్తాద్," అన్నాడు.

ఇసక మీద చేయించాను. తప్పు లేకుండా చేశాడు. నీళ్లలో తెడ్డు తీసేసి చేయించాను. ఆరు సెకన్లలో బయటికొచ్చాడు. తెడ్డు ఇస్తే మళ్లీ అదే. పట్టీకి ఎర్రగుడ్డ కట్టాను. తిట్టాను. బతిమాలాను. పదకొండు రోజులు. ఆయుధం వదలొద్దని పదహారేళ్లు ఆ చేతులకి నూరిపోసింది మేమే. ఇప్పుడు వదలమంటే అవి ఎట్లా వింటాయి?

సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లాను. తెడ్డు లేకుండా పరీక్ష పెడదామన్నాను.

"రేపు ఇంకొకడు తుపాకీ లేకుండా ఫైరింగ్ పరీక్ష పెట్టమంటాడు," అన్నారు. చెడ్డమనిషి కాదు. ఆయన పైన ఇంకొకరున్నారు.

ఆ సాయంత్రం ఐదింటికి నాయక్ కయాక్‌లు కడుగుతున్నాడు. ఇంటికి పంపిస్తే ఏం చేస్తావని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పద్దెనిమిదో ఏట వచ్చా ఉస్తాద్. ఇంకే పనీ రాదు. ఏప్రిల్‌లో నా సెక్షన్ మళ్లీ పైకి పోతోంది. అందులో ఇద్దరు నన్ను ఆ పగుల్లోంచి లాగినవాళ్లు. వాళ్లు పైన, నేను కింద. అదెట్లా కుదురుతుంది?"

నేనూ ఒక బ్రష్ తీసుకుని పక్క కయాక్ కడగడం మొదలుపెట్టాను.

పరీక్ష రోజు. ఏడు పది. పోటు నిండుగా ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి. ఒడ్డున ఒక ఆఫీసర్, చేతిలో స్టాప్‌వాచ్. మొదటి ఇద్దరూ పాసయ్యారు. మూడోవాడు నాయక్. నా వైపు చూసి తల ఊపాడు. తనే పక్కకి ఒరిగి బోల్తా కొట్టాడు.

తల ముంచాను. పది. పదిహేను. ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి. ఇరవై. బుడగలు ఆగిపోయాయి. ఇరవై నాలుగులో పడవ అంచు పట్టుకుని తిప్పేశాను.

దగ్గుతూ పైకొచ్చాడు. తెడ్డు రెండు చేతుల్లో ఉంది. నా జాకెట్‌కి కట్టిన సెట్టు పలికింది. ఆఫీసర్ ప్రశ్న, సిగ్నల్‌వాడి గొంతు.

"ఒడ్డు నుంచి ఉస్తాద్‌కి. ఇంకా ఆరు సెకన్లు ఉన్నాయి. ఎందుకు లేపారు? ఓవర్."

నాయక్ పడవని ఒడ్డుకి తోసుకొచ్చాను. ఆఫీసర్ కాగితం మీద ఒక మాట రాశారు. "చెయ్యి వదల్లేదు కదా?" అని నన్నడిగారు. "వదల్లేదు సాబ్," అన్నాను. కింద సంతకం పెట్టాను.

"మంచిగనే చేసినవన్నా," అన్నాడు సిగ్నల్‌వాడు, మధ్యాహ్నం అన్నం దగ్గర. "గాయన అట్లనే సచ్చిపోతే ఎవలు జవాబిస్తుండె?"

మర్నాడు ఆరింటికి లారీ. నాయక్ లైఫ్ జాకెట్ మడిచి షెడ్డులో అప్పగించాడు. లారీ ఎక్కే ముందు సెల్యూట్ చేశాడు.

"నిన్న మీరు భయపడ్డారు ఉస్తాద్. నేను భయపడలేదు," అన్నాడు. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

బోర్డు అతన్ని ఇంటికి పంపింది. ఫిబ్రవరిలో ఫోన్ చేశాను. "ఇక్కడ మంచు పడుతోంది ఉస్తాద్," అన్నాడు. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు.

మరుసటి ఏడాది నేనూ ఫౌజులోంచి దిగిపోయాను. బాన్సువాడ బస్టాండులో మధ్యాహ్నం మూడు ఇరవైకి దిగాను. బామ్మర్ది బండి తెచ్చాడు, మెడలో దండ వేశాడు. మొన్న వాడే వచ్చి కూర్చున్నాడు.

"బావా, నిజాంసాగర్ల గా చిన్న పడవలు పెడుతరట. నేర్పెటోడు కావాల్నంటుండ్రు. నీ పేరు చెప్పిన."

"నాకు రాదు," అన్నాను.

"గదేంది బావా? ఫౌజ్‌ల ఉస్తాద్ వుంటివి గదా!"

లేచి లోపలికి వెళ్లిపోయాను. వాడి తప్పేం లేదు. వాడికి తెలియనిది నేను ఆఫీసర్‌కీ చెప్పలేదు, సిగ్నల్‌వాడికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పరీక్ష మళ్లీ పెట్టేవారు. అందరి ముందు నాది తప్పని తేలేది. ఆ సిగ్గుకి జడిసి నోరు మూసుకున్నాను. అతని బతుకు అక్కడితో ఆగిపోయింది.

ఇరవై నాలుగో సెకనులో నా చేతులు పడవని తిప్పడం మొదలుపెట్టాక, నీళ్లలో అతని కుడిచెయ్యి చూశాను. అది తెడ్డు మీద లేదు. పడవ కదలగానే ఉలిక్కిపడి మళ్లీ తెడ్డు అందుకుంది, పైకొచ్చేసరికి అందరికీ అదే కనబడింది. అంతకు ముందు నేను చూసింది వేరు. ఆకుపచ్చ నీళ్లు, ఎర్రగుడ్డ, దానికి బెత్తెడు దూరంలో అతని చెయ్యి, ఐదు వేళ్లూ తెరుచుకుని.