కిటికీలో మిగిలిపోయిన జాలీ

మా సత్యారావు మావయ్య ఇంట్లో దేవుడి పటాలకంటే ప్లాంటు వైపు కిటికీకి ఎక్కువ పూజ జరిగేది. పొద్దున్నే పైడమ్మత్త దీపం పెడుతుంటే ఈయన తడిగుడ్డతో కిటికీ చువ్వలు తుడుచుకునేవాడు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని ఆ కిటికీ ముందు కుర్చీ వేసుకున్నాడంటే, ఆయనకీ కిటికీకీ మధ్య నుంచి ఎవరూ నడవకూడదు. నడిస్తే కాలు అడ్డం పెట్టేవాడు. నేను పడ్డాను కూడా.

భిలాయి ఉక్కు ప్లాంటు కాలనీలో మావీ వాళ్ళవీ ఒకే బ్లాకులో క్వార్టర్లు. మేం కింద, వాళ్ళు పైన. మావయ్య మా అమ్మకి అన్న. విజయనగరం దగ్గర పల్లె నుంచి మీసం సరిగ్గా మొలవకముందే వచ్చి బ్లాస్ట్ ఫర్నేసులో చేరాడు. ఆ మీసం నెరిసేదాకా అక్కడే పని చేసి రిటైరయ్యాడు. అత్త ఆయన్ని పెళ్ళి చేసుకుని వచ్చింది గానీ, ఆయన అప్పటికే ఫర్నేసుని చేసుకుని ఉన్నాడని మా అమ్మ ఎప్పుడూ వెక్కిరించేది.

ఆ కిటికీలోంచి చూస్తే మైదానం, దాని అవతల చెట్ల వరస, చెట్ల వెనక ప్లాంటు. ఫర్నేసులో కరిగిన ఇనుము మీద తేలే మడ్డిని స్లాగ్ అంటారు. దాన్ని బళ్ళలో తీసుకెళ్ళి గుట్ట మీంచి పారబోస్తారు. చీకటి పడే వేళ ఆ పారబోత జరిగితే ఆకాశం సగం దాకా నారింజరంగు ఎక్కేది. పొద్దు కుంకాక ఇంకోసారి పొద్దు కుంకుతున్నట్టుండేది. గది గోడలూ, స్టీలు గ్లాసులూ, అత్త ముక్కుపుడకా ఒక్కసారి ఎర్రబడి, మెల్లగా చల్లారేవి. ఆ కాసేపు వంటింట్లో చారు మరుగుతున్నా ఎవరూ లేచేవారు కాదు. ఇల్లు ఇల్లులా కాక ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది నాకు. దిగాలనిపించేది కాదు.

"గీత కనబడిందేటి?" అని అడిగేవాడు మావయ్య.

ఆ వెలుగు మధ్యలో, గుట్ట అంచు నుంచి జారే సన్నటి తెల్లటి గీత ఒకటి ఉంటుంది. కాస్త నిదానించి చూస్తేనే దొరుకుతుంది. ఆయనకి గీత కనబడితేనే చూసినట్టు. "మిగతాదంతా పొగేనమ్మా. గీత ఉంది చూడు, అదీ మేం చేసిన పని" అనేవాడు.

ఓ వానాకాలం పైడమ్మత్తకి మలేరియా వచ్చింది. తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. రెండోసారి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆవిడ వణుకు ఆగలేదు. మంచం కోళ్ళు టకటకలాడాయి. ఆవిడ కాస్త లేచి కూర్చున్న రోజునే మావయ్య దోమల జాలీ కొనుక్కొచ్చి కిటికీలన్నింటికీ తనే మేకులు కొట్టాడు. ప్లాంటు వైపు కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కో మేకుకీ ఆగి, మంచం మీద అత్త మొహం కేసి చూసి, మళ్ళీ సుత్తి ఎత్తాడు. ఆవిడంటే ఆయనకెంత ప్రాణమో నాకు ఆరోజే తెలిసింది.

ఆ జాలీతో కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తరవాత మొదలైంది పేచీ.

"ఈ జాలీ వల్ల గీత కనబడ్డం లేదు" అన్నాడు మావయ్య.

ముందు జాలీకి దుమ్ము పట్టిందన్నాడు. ఆదివారం వస్తే సబ్బునీళ్ళూ పాత టూత్‌బ్రష్షూ పట్టుకుని దాని పళ్ళు తోమేవాడు. తరవాత జాలీ గళ్ళు మరీ చిన్నవన్నాడు. గళ్ళు పెద్దవి తెచ్చి కొడితే దోమలు దర్జాగా లోపలికొచ్చాయి. ప్లాంటు వాళ్ళు ఈమధ్య పారబోత సరిగ్గా చెయ్యడం లేదని కూడా అన్నాడు. తెలుగు పేపరు విశాఖపట్నం వైపు నుంచి దుర్గ్ దాకా రైల్లో వచ్చి, ఒకరోజు పాతబడి మా చేతికందేది. దాన్ని నా చేత చదివించుకునేవాడు. "రైలు కుదుపులకి అక్షరాలు అలుక్కుపోతన్నాయి జ్యోతీ" అనేవాడు. నేను చదివిపెట్టేదాన్ని. అక్షరాలు నిక్షేపంగా ఉండేవి.

ఆయన కళ్ళకి పొర వచ్చిందని మా ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆయనకే తెలీదు. తెలియకపోవడానికి కారణం ఆయన చేసిన పనే. ఫర్నేసు లోపలికి ఉత్తకళ్ళతో చూడలేరు. నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూస్తారు. అద్దానికి మసి పడితే ఏమీ కనబడదు. "మసగ్గా ఉంటే ముందు అద్దం తుడుచుకో" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడట. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అదే చేశాడు, తుడిస్తే మసక పోయేది. మసక అనేది మధ్యలో ఉన్నదాంట్లో ఉంటుంది గానీ కంట్లో ఉంటుందని ఆయనకి తట్టదు.

ఒకరోజు అత్త ఉండబట్టలేక, "పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టరుకి చూపించుకుందాం, రండి" అంది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"ఇనుము రంగు చూసి ఎంత కాగిందో చెప్పిన కళ్ళే ఇవి! ఈటికి పొరొస్తాదేటి?"

ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఆ కళ్ళు పోయాయని ఒప్పుకుంటే ఫర్నేసు దగ్గర గడిపిన వయసంతా వెనక్కి ఇచ్చేసినట్టే అనుకునేవాడు పాపం. అందుకని ఆయన జాలీ పీకేస్తానంటాడు. పీకితే పుట్టింటికి ఎల్లిపోతానని అత్త అంటుంది. ఆవిడ పుట్టింట్లో అప్పటికి మిగిలింది తాళం కప్ప ఒక్కటే.

వాళ్ళబ్బాయి సుభాష్ సుపేలా బజారులో అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే షాపులో పనిచేసేవాడు. తొంభై ఎనిమిదిలో, వానలకి ముందు, ఓ పొడవాటి అట్టపెట్టె భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"నాన్నా, దేఖో! రోలర్ జాలీ. పెద్ద సాబ్‌ల బంగళాల్లో ఇప్పుడు ఇదే పెట్టిస్తన్నారు" అన్నాడు.

పాత జాలీ పీకేసి, కిటికీ పైన సన్నటి డబ్బా బిగించాడు. డబ్బాలో గొట్టం, గొట్టంలో స్ప్రింగు, దాని చుట్టూ చాపలా చుట్టిన జాలీ. కింద ఉన్న పట్టీ పట్టుకుని లాగితే రెండు పక్కలా ఉన్న గాడిలో జారుతూ దిగి, కింద కొక్కేనికి పడుతుంది. కొక్కెం తప్పిస్తే సర్రుమని దానంతటదే పైకి చుట్టుకుపోతుంది.

"గీత చూడాలంటే ఎత్తుకో. దోమలొస్తే దించుకో. బస్, మీ ఇద్దరి లడాయి ఖతమ్."

అత్త చిన్నపిల్లలా దాన్ని దించుతూ, ఎత్తుతూ, సర్రుమన్నప్పుడల్లా నవ్వుతూ కూర్చుంది. మావయ్య ఆ మధ్యాహ్నమే గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పెళ్ళివారు వస్తున్నారా అని మా అమ్మ కింద నుంచి అరిచింది.

సాయంత్రం అందరం చేరాం. జాలీ ఎత్తినప్పుడు పురుగులు రాకుండా గదిలో లైటు తీసేశారు. చీకట్లో మా ఊపిర్లు వినబడుతున్నాయి. చెట్ల వెనక ఎరుపు మొదలైంది, పాకింది, మా మోకాళ్ళ మీదకి వచ్చింది. సుభాష్ కొక్కెం తప్పించాడు. సర్ర్. మధ్యలో ఏమీ లేని ఆకాశం గదిలోకి వచ్చేసింది. గుట్ట అంచు నుంచి తెల్లటి గీత జారుతోంది. అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు.

మావయ్య చాలాసేపు చూశాడు.

"బావుంది" అన్నాడు. గీత ఊసెత్తలేదు.

మరుసటి వారం సుభాష్‌ని పిలిచాడు. "ఒరే, నీ జాలీ పూరా ఎక్కట్లేదురా. కొంత కిందే ఉండిపోతంది."

సుభాష్ స్టూలెక్కి డబ్బా విప్పి స్ప్రింగు బిగించాడు. మళ్ళీ కొంత ఉండిపోతోందన్నాడు మావయ్య. సుభాష్ గొట్టమే మార్చాడు. అయినా అదే మాట. షాపులో పదిమందికి తను బిగించిన జాలీలు సర్రున లేస్తుంటే, కన్నతండ్రి కిటికీలోనే మొరాయిస్తోందంటే వాడికి తల కొట్టేసినట్టయింది.

"నాన్నా, ఖిడ్కీ ఖాళీగా ఉంది! హవా తప్ప ఏటీ లే..."

అత్త వాడి మోచెయ్యి గట్టిగా గిల్లింది. "కొత్త స్ప్రింగు కదా, అలవాటు పడాలి" అంది. స్ప్రింగు దేనికి అలవాటు పడాలో వాడికి అర్థం కాలేదు. నాకయింది.

వానలు వచ్చాయి. ఓ సాయంత్రం పేపరు చదివిపెట్టి నేను అక్కడే కూర్చున్నాను. వాన వెలిసిన గాలి చల్లగా వస్తోంది. అత్త ముందే లైటు తీసేసి జాలీ ఎత్తేసింది. మావయ్య వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు చికిలించాడు.

"ఇంకా ఎత్తలేదేటే?"

అత్త నాకేసి చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది. అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి, ఎత్తి ఉన్న జాలీని మెల్లమెల్లగా దించి కొక్కేనికి తగిలించింది. తరవాత వదిలింది. సర్ర్.

"ఇదిగో, ఎత్తీసేను."

"ఆఁ, ఇప్పుడు సాఫ్ అయింది" అన్నాడు మావయ్య.

"గీత కనబడతందేటి?"

"కనబడతంది."

అవతల పారబోత ఇంకా మొదలవనే లేదు. ఆకాశం నల్లగా ఉంది. వాళ్ళిద్దరిలో ఎవరు ఎవరికోసం అబద్ధమాడుతున్నారో తెలియక నేను పేపరు మడతపెడుతూ ఉండిపోయాను. అప్పట్నుంచి రోజూ అదే తంతు. ఆవిడ దించి ఎత్తేది, ఆయన బాగుందనేవాడు. కింద మా ఇంట్లో చపాతీలు ఒత్తుకుంటూ ఆ సర్రుమనే చప్పుడు వింటే ఒత్తడం ఆపి పైకి చూసేదాన్ని.

వినాయక చవితి ముందర అనుకుంటాను, చప్పుడుకి కూడా గీత తేలలేదు కాబోలు, మావయ్యకి చిరాకెత్తింది. ఆ సాయంత్రం వెలుగు మహా జోరుగా ఉంది. గది గదంతా ఎర్రటి నీళ్ళల్లో మునిగినట్టుంది. అత్త గడపలో, నేను తలుపు పక్కన.

"దీనికి మళ్ళీ మసి పట్టింది" అంటూ లేచి, తడిగుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. జాలీ తుడవడానికి చెయ్యి చాపాడు.

గుడ్డ జాలీకి తగలాలి. తగల్లేదు. చెయ్యి ఇంకా ముందుకి పోయి ఇనప చువ్వకి తగిలింది.

చెయ్యి వెనక్కి తీసి మళ్ళీ చాపాడు. మళ్ళీ చువ్వే. పక్కన గాడి తడిమాడు, పైన డబ్బా తడిమాడు, చుట్టుకుపోయి ఉన్న జాలీ పట్టీని వేళ్ళతో తాకి చూశాడు. బయట ఆకాశం మండుతూనే ఉంది.

"పైడీ" అన్నాడు ఇటు తిరక్కుండానే. "ఎప్పుడెత్తేవు?"

"మీరొచ్చేసరికే."

"రోజూ అంతేనా?"

అత్త గడప దాటి రెండడుగులు లోపలికి వేసింది.

"మరి ఆ చప్పుడు?"

"మీకోసమే" అంది అత్త.

మావయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తడిగుడ్డ మోకాలి మీద పరిచి మడతపెట్టాడు.

"అద్దం కాదన్నమాట" అన్నాడు. గుడ్డ పక్కన పెట్టి, "కన్నే" అన్నాడు.

నేను ఏడ్చాను. వెలుగు చల్లారి గది మామూలు చీకటి అయ్యేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. లైటు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. సుభాష్ షాపు నుంచి వచ్చి స్విచ్చి వేశాడు. మావయ్య వాడికేసి మొహం తిప్పి, "నీ స్ప్రింగు బానే ఉందిరా. ఒట్టి పుణ్యానికి తిట్టేను" అన్నాడు. వాడు బిత్తరపోయి వాళ్ళమ్మ కేసి చూశాడు.

పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి వెళ్ళేముందు ఆయన కంటే అత్తే ఎక్కువ హడావిడి పడింది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వంగకూడదు, తుమ్మకూడదు అని ఆవిడ పెట్టిన ఆంక్షలన్నీ నోరెత్తకుండా పాటించాడు. ఆ రోజుల్లో కిటికీ వైపు వెళ్ళలేదు. భయపడుతున్నాడని నాకు తెలుసు. తీరా చూస్తే గీత లేకపోతే?

అద్దాలు తీసెయ్యవచ్చన్న సాయంత్రం మళ్ళీ అందరం చేరాం. కుర్చీ వేశారు. లైటు తీసేశారు. చెట్ల వెనక ఎరుపు మొదలైంది, పాకింది. అత్త కొక్కెం తప్పించడానికి వంగింది.

"ఆగు" అన్నాడు మావయ్య. "ఎత్తకు."

లేచి వచ్చి మొహం దగ్గరగా పెట్టాడు. ఆయన బుగ్గ మీద జాలీ నీడ పడి గళ్ళు గళ్ళుగా ఉంది.

"జాలీ కనబడతంది" అన్నాడు.

వేలితో ఓ గడి అంచు తాకి చూశాడు.

"ఒక్కో తీగా కనబడతందే పైడీ. ఇదిగో, ఈ మూల ఒకటి వంకరపోయింది, చూసేవా? బయట దోమొకటి వాలింది. దాని కాళ్ళు చూడు. ఎంత సన్నగున్నాయో!"

ఆయన వెనక నుంచి చూస్తే, జాలీ అవతల, వెలుగు నడిమధ్య, తెల్లటి గీత జారుతూనే ఉంది.

"గీత చూడరేటి?" అంది అత్త.

"అదెక్కడికి పోతాది. ఉండు, ముందు దీన్ని చూడనీ."

అత్త చెయ్యి కొక్కెం మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రం మేం జాలీ ఎత్తలేదు.