పొద్దుగాల్నే పోయిండు

చిల్కానగర్‌లో మా ఇంటి ఓనరక్క నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. నాట్ల పాట ఎత్తుకుందంటే గల్లీలో నడిచేవాళ్లు ఆగాల్సిందే. జానపద గాయకులకు ఒక టీవీ చానెల్ ఇచ్చే అవార్డు ఈ ఏడు ఆమెకొచ్చింది. వేదిక మీద వాళ్లమ్మ నేర్పిన పాట మొదటి నుంచి చివరిదాకా పాడింది. ఆ పాట ఎక్కడా రాసి లేదు, ఇంకెవరికీ రాదు. టీవీలో వస్తే ఇక నిలబడిపోతుందని ఆమె ఆశ.

ఆదివారం సాయంత్రం ప్రసారం. ఇంటిల్లిపాదీ మేడ మీద వాళ్ల హాల్లో చేరాం. నేను అన్న అని పిలిచే వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు. వేడుక నాడు డ్యూటీ పడి వెళ్లలేకపోయాడు. ఇప్పుడు పల్లీలు నములుతూ టీవీకి ఎదురుగా కూర్చున్నాడు.

తెర మీద యాంకరు అడిగింది, "మీవారు రాలేదా అండీ?"

"లేదమ్మా. ఆయన పొద్దుగాల్నే పోయిండు," అంది అక్క.

యాంకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కను వాటేసుకుని ఏడ్చింది. అది అభిమానమనుకుని కాబోలు, అక్క నవ్వుతూ ఆమె వీపు నిమిరింది. వెనకాల వయొలిన్ మొదలైంది. "భర్త పోయిన రోజే పాటకు వచ్చిన తల్లి" అని కింద పెద్ద అక్షరాలు పడ్డాయి. అక్క పాట రెండు చరణాలైనా సాగకముందే ఆ వయొలిన్ దాన్ని మింగేసింది. ఇక చూపించిందంతా జనం కళ్లు తుడుచుకోవడమే.

మాది గోదావరి వైపు. అక్కడ "పోయాడు" అంటే ఇక లేడనే. ఇక్కడ పొద్దున పోయినవాడు సాయంత్రం కూరగాయలు పట్టుకుని వస్తాడు. హైదరాబాదులో కూర్చుని చానెల్ నడిపేవాళ్లలో ఒక్కరికైనా ఆ మాత్రం తెలియదా అని ఒళ్లు మండిపోయింది.

అన్న నమలడం ఆపేశాడు. "ఏందే ఇది? నన్ను సంపేసిన్రు."

ఇంతలో ఫోన్ మోగింది. అక్క చెల్లెలు, జనగామ నుంచి శోకాలు పెడుతోంది. "బావకేమైందక్కా? మాకొక్క మాట జెప్పకపోతివి."

అన్నే ఫోన్ తీసుకుని, "నేనే మాట్లాడుతున్న. మంచిగనే ఉన్న," అన్నాడు. అటువైపు ఏడుపు టక్కున ఆగిపోయింది. మా పిల్లలకు నవ్వాగలేదు. నేనూ నవ్వబోయి అక్క ముఖం చూశాను.

ఆమె టీవీ వంకే చూస్తోంది. తెర మీద హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

"ఆ రోజు అందరు గిట్లనే లేసి నిలవడ్డరు," అంది. "నా పాటకే అనుకున్న."